నాన్న చేతి లెక్క కాగితం మీదికి: చిన్న ట్రాక్ రేసింగ్ జట్టు ఎదిగే తీరు

అందరికీ నమస్కారం.

అమెరికాలో స్టాక్ కార్ల పందేలు నడిపే సంస్థ నాస్కార్ అనగానే డేటోనా లాంటి రెండున్నర మైళ్ల ట్రాక్ గుర్తొస్తుంది. ఈరోజు మాట్లాడేది దాని గురించి కాదు. మైలుకన్నా చిన్నవాటిని షార్ట్ ట్రాక్ అంటారు. ఇక్కడ నార్త్ కరోలినాలో షార్లెట్ నుంచి గంటన్నర లోపే హికరీ ట్రాక్ ఉంది, విన్‌స్టన్-సేలంలో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. బౌమన్ గ్రేలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు ట్రాక్, దానిమీద 1949 నుంచి నాస్కార్ పందేలు. వేసవి శనివారం రాత్రి అక్కడ పరిగెత్తే కార్లలో చాలావాటి వెనక ఉండేది కంపెనీ కాదు, ఒక కుటుంబం. నాన్న, అన్నదమ్ములు, మేనమామ, లెక్కలు చూసే అమ్మ.

అలాంటి జట్టు ఎలా ఎదుగుతుంది? డబ్బొస్తే, పెద్ద ఇంజన్ కొంటే ఎదుగుతుందని చాలామంది అనుకుంటారు. మేం చెప్పేది వేరు. ఒకరి తలలో, ఒకరి చేతిలో ఉన్న పని ఇంట్లో మిగిలినవాళ్లకు వచ్చిన రోజున జట్టు ఎదగడం మొదలవుతుంది.

పెట్టీల కుటుంబాన్నే చూడండి. 1949 జూన్ 19న షార్లెట్‌లో నాస్కార్‌లో అన్నిటికన్నా పైస్థాయి అయిన ఈనాటి కప్ సిరీస్‌కు నాంది పలికిన తొలి పందెం. లీ పెట్టీ అరువు తెచ్చిన బరువైన బ్యూక్ నడిపి పల్టీ కొట్టించాడు. ఆ తర్వాత తేలికైన ప్లిమత్‌కు మారాడు. మలుపుల్లో బరువే శత్రువని ఆ పందెం నేర్పింది. తర్వాత పని పంచుకున్నారు. చిన్నకొడుకు మారిస్‌ది ఇంజన్లు, కజిన్ డేల్ ఇన్‌మన్‌ది కారు సెటప్. పెద్దకొడుకు రిచర్డ్ 1958లో 21 ఏళ్లు నిండాకే పందెంలో స్టీరింగ్ పట్టాడు. అప్పటిదాకా అతని చేతిలో ఉన్నవి పానాలే. తర్వాత రిచర్డ్ సాధించిన 200 విజయాల పునాది ఆ ఏళ్లలో ఉంది. వర్జీనియాలోని స్టూవర్ట్‌లో 1950లో మొదలైన వుడ్ సోదరులదీ అదే దారి. గ్లెన్ కారు నడిపాడు, లెనర్డ్ మెకానిక్. పైస్థాయి పందేల్లో గ్లెన్ గెలిచిన నాలుగూ బౌమన్ గ్రేలోనే.

ఇక పనిలోకి వద్దాం. కారును తూచడంతో మొదలుపెడదాం, ఎందుకంటే కుటుంబ జట్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు. ముందు నేల సమతలంగా ఉందో లేదో చూడాలి. ఒక్క పలక అంగుళంలో ఎనిమిదో వంతు పల్లంగా ఉన్నా అంకెలు అబద్ధం చెబుతాయి. టైర్లలో పందెపు గాలి, ట్యాంకులో పందెపు పెట్రోలు, సీట్లో డ్రైవర్ లేదా అంతే బరువున్న ఇసుక సంచులు ఉండాలి. ముందువైపు స్వే బార్‌ను, అంటే కారు పక్కకు ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీని, ఒక చివర విప్పాలి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే తీరు), టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు), ఇరుసు కారుకు సరిగ్గా అడ్డంగా ఉండటం ఇవన్నీ ముందే సరిచేసుకోవాలి, తూకం చివరికి. మార్పు చేసిన ప్రతిసారీ కారును కాస్త ఊపితే బిగుసుకున్న సస్పెన్షన్ వదులవుతుంది.

ఈ పక్కన పెట్టిన కారు మొత్తం బరువు 2,800 పౌండ్లు. ఎడమ ముందు 770, ఎడమ వెనక 826, కుడి ముందు 630, కుడి వెనక 574. ఎడమ వైపు మొత్తం 1,596, అంటే 57 శాతం. ఎప్పుడూ ఎడమకే తిరిగే కారు కాబట్టి బరువు అటు పెడతారు. ఎంతవరకు పెట్టవచ్చో ట్రాక్ నిబంధన చెబుతుంది. కుడి ముందు, ఎడమ వెనక కలిపితే 1,456, అంటే 52 శాతం. దీన్నే క్రాస్ వెయిట్ అంటారు. ఎడమ వెనక స్ప్రింగ్ మీద ఉండే జాక్ బోల్ట్ బిగిస్తే ఈ రెండు చక్రాల మీద బరువు పెరుగుతుంది, మిగతా రెండింటి మీద తగ్గుతుంది. ఎడమ వైపు మొత్తం మాత్రం కదలదు. దాన్ని మార్చాలంటే సీసం దిమ్మలు జరపాల్సిందే.

క్రాస్ పెరిగితే కారు టైట్ అవుతుంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు మలుపులోకి రాక గోడవైపు పోతుంది. తగ్గితే లూజ్, వెనక భాగం బయటికి జారుతుంది.

తర్వాతది స్టాగర్, అంటే కుడి, ఎడమ టైర్ల చుట్టుకొలతల్లో తేడా. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి కలిసే తిరిగే కార్లలో కుడి టైరు చుట్టుకొలత పెద్దదిగా ఉండాలి. కనపొలిస్ పట్టణంలో ఇంటి వెనక గరాజ్‌లో కార్లు కట్టిన రాల్ఫ్ ఎర్న్‌హార్ట్, 1956లో నాస్కార్ స్పోర్ట్స్‌మన్ తరగతి విజేత, దీన్ని మొదట లెక్కగా వాడినవాళ్లలో ఒకడని చెబుతారు. ఎడమ చక్రం 150 అడుగుల వ్యాసార్ధంలో తిరుగుతోంది, చక్రాల మధ్య ఐదున్నర అడుగులు అనుకుందాం. కుడి చక్రం దాదాపు 3.7 శాతం ఎక్కువ దూరం పోవాలి. ఎడమ టైరు 84 అంగుళాలైతే కుడిది 87. కానీ అంత పెడితే తిన్నని దారిలో కారు ఎడమకు లాగుతుంది, టైర్లు వేడెక్కుతాయి. అందుకే లెక్కకన్నా కాస్త తక్కువే పెడతారు. ఇంకొకటి మరవద్దు: కుడి వెనక టైరు పెద్దదైతే ఆ మూల లేస్తుంది, క్రాస్ తగ్గుతుంది. స్టాగర్ మార్చి మళ్లీ తూచకపోతే ఒకటి మార్చామనుకుని రెండు మార్చినట్టు.

ఇప్పుడు చాలా జట్లను ఏళ్లపాటు తిప్పలు పెట్టే తప్పు. డ్రైవర్ దిగి "మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు లూజ్" అంటాడు. నాన్న వెంటనే క్రాస్ పెంచుతాడు. కారు ఇంకా చెడుతుంది. అసలు జరిగిందేమిటంటే, మలుపు మధ్యలో కారు టైట్. తిరగడం లేదని డ్రైవర్ స్టీరింగ్ మరీ తిప్పేశాడు. అలా తిప్పి ఉంచి యాక్సిలరేటర్ నొక్కగానే ముందు టైర్లకు ఒక్కసారిగా పట్టు దొరికి వెనక జారింది. మందు వేయాల్సింది మధ్యలోని టైట్‌కు. అందుకే డ్రైవర్‌ను లూజా టైటా అని మాత్రమే అడిగితే చాలదు. లోపలికి వెళ్లేటప్పుడా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడా అని మూడు ముక్కలుగా అడగాలి, ముందు ఏది మొదలైందో రాబట్టాలి.

టైర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. కారు ఆగిన మరుక్షణం సూది థర్మామీటర్‌తో ప్రతి టైరునూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలవాలి. కుడి ముందు టైరుతో మొదలుపెట్టండి, ఎక్కువ కష్టపడేది అదే. మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువ, రెండంచులూ వేడిగా ఉంటే గాలి తక్కువ. కుడి ముందు టైరు లోపలి అంచు మరీ వేడెక్కితే నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం, అతి అయిందన్నమాట.

ఇవన్నీ రాయాలి. తేదీ, గాలి ఉష్ణోగ్రత, చుట్టుకొలతలు, చల్లగా ఉన్నప్పుడూ వేడిమీదా టైరు గాలి, చేసిన మార్పు, ల్యాప్ టైము, డ్రైవర్ అన్న మాట అన్నట్టుగానే. ఒకసారికి ఒకే మార్పు. కుటుంబంలో దీనికి ఇంకో విలువ ఉంది. నాన్న మాటకు ఎదురు చెప్పడం కొడుక్కి కష్టం, అన్నకు తమ్ముడు చెప్పడం ఇంకా కష్టం. "గత నెల ఇదే చేస్తే సెకనులో రెండు పదోవంతులు పోయింది" అని పుస్తకం చెబితే ఎవరి మనసూ నొచ్చుకోదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. మొదటి ఏళ్లలో ఇంజన్ మీద పోయవద్దు. షెవ్రొలెట్ 602 లాంటి, ఫ్యాక్టరీలో కట్టి సీలు వేసిన క్రేట్ ఇంజన్, 350 క్యూబిక్ అంగుళాలు, సుమారు 350 హార్స్‌పవర్, నేర్చుకోవడానికి చాలు. అందరిదీ అదే ఇంజన్ అయినప్పుడు తేడా సెటప్‌లోనే తెలుస్తుంది. ముందు ఖర్చు సీటు, బెల్టులు, హెల్మెట్, మెడ కట్టు. బెల్టుల మీది తేదీ చూడండి, సాధారణంగా రెండేళ్లే గడువు. తర్వాత టైర్లు. ఆ తర్వాత కుడి వైపు విడిభాగాలు: కంట్రోల్ ఆర్మ్‌లు, స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు ముక్క), టై రాడ్, హబ్. గోడకు తగిలేది ఆ వైపే. బయటికి బాగానే కనిపించే స్పిండిల్ వంగి ఉండి నెల రోజులు సెటప్‌ను వెతికించడం మామూలే. తగిలిన ప్రతిసారీ విప్పి కొలవండి.

పందెం అయ్యాక కారును తూచినప్పుడు కనీస బరువుకు తగ్గి ఓడిపోవడం మరీ బాధ. గ్యాలన్ పెట్రోలు సుమారు 6 పౌండ్లు, 10 గ్యాలన్లు కాలితే 60 పౌండ్లు పోయాయి. ముగింపు బరువును లెక్కవేసే మొదలుపెట్టాలి.

రెండో కారు మీద అందరికీ ఆశే. పని రెట్టింపుకన్నా ఎక్కువవుతుంది. వేరే తయారీదారు చాసిస్ (కారు చట్రం) చవగ్గా వచ్చిందని తీసుకుంటే విడిభాగాలు రెండు రకాలు, పుస్తకాలు రెండు. అదే చాసిస్, అవే స్పిండిల్స్ అయితే మొదటి కారు పేజీలు రెండోదానికీ పనికొస్తాయి, బయటి డ్రైవర్‌కు సీటు ఇచ్చి ఖర్చు రాబట్టుకోవచ్చు. రాల్ఫ్ మనవలైన ఎర్న్‌హార్ట్ తోబుట్టువుల జేఆర్ మోటార్‌స్పోర్ట్స్ పై తరగతులకు వెళ్లాక కూడా చిన్న ట్రాక్‌లమీద నడిచే లేట్ మోడల్ కార్ల జట్టును వదల్లేదు. ఆ కార్లలో ఏళ్లు గడిపిన జాష్ బెర్రీ 2020లో నాస్కార్ వారాంతపు సిరీస్ జాతీయ విజేత, 2025లో వుడ్ సోదరుల 21వ నంబర్ కారుతో లాస్ వేగాస్‌లో కప్ పందెం గెలిచాడు.

ఈ కారు స్వే బార్ విప్పే ఉంది, పలకలు సమం చేసి ఉన్నాయి. దగ్గరికి రండి. ఎడమ వెనక జాక్ బోల్ట్ ఒక్క చుట్టు తిప్పుదాం. నాలుగు అంకెలూ ఎటు కదులుతాయో ముందే కాగితం మీద రాసుకోండి, తర్వాత తూకం తెర చూద్దాం.