ల్యాప్‌టాప్‌లో సముద్రపు చార్టు: ఓపెన్‌సీపీఎన్ ఎంతవరకు పనికొస్తుంది?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఓపెన్‌సీపీఎన్ రివ్యూ. ల్యాప్‌టాప్‌లోనో ట్యాబ్‌లోనో సముద్రపు చార్టు తెరిచి, దాని మీద మన బోటు ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎంత స్పీడులో పోతోంది అని చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. విశాఖ, కాకినాడ వైపు బోటు ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: డబ్బు పోసి చార్ట్‌ప్లాటర్, అంటే ఇదే పని చేయడానికి బోటులో బిగించే ప్రత్యేక పరికరం, కొనాలా, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుందా అని. నా మాట ముందే చెప్పేస్తాను. సాఫ్ట్‌వేర్ చాలా బాగుంది, జీపీఎస్ అంతకంటే బాగుంది, మన తీరం వరకు వచ్చేసరికి అసలు చిక్కంతా చార్టు దగ్గరే ఉంది. అందుకే ఈ వీడియోలో సగానికి పైగా చార్టు గురించే మాట్లాడతాను, బటన్ల గురించి తక్కువ.

ఓపెన్‌సీపీఎన్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్, రాస్ప్‌బెర్రీ పై, అన్నిట్లోనూ నడుస్తుంది, ఆండ్రాయిడ్ వెర్షన్‌కు మాత్రం ప్లేస్టోర్‌లో కొంత డబ్బు కట్టాలి. ఐప్యాడ్‌కు లేదు. ఐప్యాడ్ ఉన్నవాళ్లు ఎక్కువగా నావియోనిక్స్ లాంటి యాప్‌లు వాడతారు. ఆ కంపెనీని 2017లో గార్మిన్ కొనేసింది, ఆ యాప్‌కు ఏడాదికోసారి చందా కట్టాలి.

ముందు జీపీఎస్ సంగతి చూసేద్దాం. మామూలు ల్యాప్‌టాప్‌లో జీపీఎస్ ఉండదు, యూఎస్‌బీకి తగిలించే చిన్న రిసీవర్ ఒకటి కొనాలి. దాన్ని పెట్టాక ఆప్షన్లలో కనెక్షన్స్ తెరిచి, ఏ కామ్ పోర్టులో ఉందో ఎంచుకుని, బాడ్ రేటు, అంటే రిసీవర్ డేటా పంపే స్పీడు, సరిపోయేలా పెట్టాలి. చాలా రిసీవర్లు 4800 దగ్గర, కొన్ని 9600 దగ్గర పనిచేస్తాయి, ఇది తప్పుగా పెడితే రిసీవర్ బాగానే ఉన్నా తెర మీద ఏమీ కదలదు, "పాడైపోయింది" అనుకుని చాలామంది వెనక్కి పంపేస్తారు. ట్యాబ్ కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు, సెల్యులార్ మోడల్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు, కాబట్టి బాక్సు మీద చదివి కొనండి. చిప్ ఉంటే చాలు, సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, ఒడ్డుకు ఎంత దూరం పోయినా పనిచేస్తుంది. నెట్ లేనప్పుడు మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఓపెన్‌సీపీఎన్ ఇన్‌స్టాల్ చేసి తెరవగానే నేల పసుపుగా, సముద్రం నీలంగా కనిపిస్తుంది, మధ్యలో మన బోటు గుర్తు. చూడ్డానికి చార్టులాగే ఉంటుంది. అది చార్టు కాదు. ప్రపంచం మొత్తానికి ముతకగా గీసిన తీరరేఖ మాత్రమే, అందులో లోతుల్లేవు, రాళ్లు లేవు, బోయాలు, అంటే దారి చూపించడానికి నీళ్లలో తేలేలా కట్టిన గుర్తులు, లేవు. దాన్ని నమ్ముకుని హార్బరులోకి రావడం అంటే కళ్లు మూసుకుని రావడమే. సాఫ్ట్‌వేర్‌లో చార్టులు మనమే వేసుకోవాలి.

మరి ఆ చార్టులు ఎక్కడ దొరుకుతాయి? అమెరికా తీరానికైతే అక్కడి ప్రభుత్వ సంస్థ నోవా ఎలక్ట్రానిక్ చార్టులు అన్నీ ఉచితంగా ఇస్తుంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మన దేశంలో చార్టులు చేసేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్, అది నౌకాదళం కింద పనిచేస్తుంది. మన అధికారిక ఎలక్ట్రానిక్ చార్టులు ఎస్-63 అనే పద్ధతిలో తాళం వేసి వస్తాయి, డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవాలి, దాని గడువు అయిపోతే మళ్లీ కట్టాలి. ఓపెన్‌సీపీఎన్‌లో వీటిని తెరవడానికి ప్లగిన్, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, ఉంది గానీ, ఒక చిన్న ఫైబర్ బోటు యజమాని ఆ పర్మిట్ల వ్యవహారం అంతా చేయగలడా అంటే కష్టమే. నాకు ఇది నిజంగా బాధగా అనిపిస్తుంది. తీరంలో తిరిగే చిన్న బోట్లకే ఈ చార్టులు అందరికంటే ఎక్కువ అవసరం.

దాంతో చాలామంది ఏం చేస్తారంటే, నెట్‌లో చేతులు మారుతూ తిరిగే పాత సీఎం93 చార్టులు వేసుకుంటారు. ప్రపంచం మొత్తం ఒకే ఫోల్డరులో వచ్చేస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దయచేసి వద్దు. వాటి లైసెన్సు సంగతి అలా ఉంచండి, అవి ఏళ్ల క్రితమే ఆగిపోయిన డేటా, కొన్ని చోట్ల చార్టు మొత్తం పక్కకు జరిగి ఉంటుంది. ఎంతగా అంటే, ఆ జరుగుడును సరిచేసుకోవడానికి ఓపెన్‌సీపీఎన్‌లోనే ప్రత్యేకంగా ఒక ఆఫ్‌సెట్ సెట్టింగ్ పెట్టారు. ఓపెన్‌సీమ్యాప్ అని ఇంకొకటి ఉంది, అది ఉచితం, వాలంటీర్లు చేస్తారు, లైట్‌హౌస్‌లు, బోయాల వరకు పనికొస్తుంది, లోతుల కోసం దాని మీద ఆధారపడలేం.

చార్టు పక్కకు జరగడం అన్నాను కదా, దానికి కారణం తెలిస్తే జాగ్రత్త పడతారు. జీపీఎస్ లెక్క డబ్ల్యూజీఎస్ 84 అనే కొలమానంలో ఉంటుంది. మన దగ్గర పాత సర్వేలు ఎవరెస్ట్ కొలమానం మీద చేసినవి. రెండిటికీ మధ్య తేడా వంద మీటర్లకు పైనే వస్తుంది, కాబట్టి పాత కాగితపు చార్టును స్కాన్ చేసి ట్యాబ్‌లో వేసుకున్నప్పుడు దాని మీద ఏ డేటమ్, అంటే ఏ కొలమానం, అని రాసి ఉందో చదవకపోతే, జీపీఎస్ మూడు నాలుగు మీటర్ల తేడాతో కరెక్టుగా చెప్తున్నా బోటు బొమ్మ మాత్రం కొండ మీద కనిపించవచ్చు.

డేటమ్ సరిపోయినా సర్వే ఎంత మంచిదో అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అధికారిక ఎలక్ట్రానిక్ చార్టుల్లో దీనికి గ్రేడ్లు ఉంటాయి. ఏ1 అంటే చూపించిన చోటు 5 మీటర్ల లోపు తేడాతో నమ్మొచ్చు, ఏ2 అయితే 20 మీటర్లు, బీ అయితే 50, సీకి వచ్చేసరికి 500 మీటర్లు. డీ అంటే అంతకన్నా అధ్వానం. ఓపెన్‌సీపీఎన్‌లో చార్ట్ డేటా క్వాలిటీ చూపించమని పెట్టుకుంటే ఇది కనిపిస్తుంది. చాలామంది దాన్ని ఆన్ చేయరు, తెర గజిబిజిగా అవుతుందని. కొత్త చోటికి వెళ్లే ముందు ఒక్కసారి ఆన్ చేసి చూడండి, సీ గ్రేడు ఉన్నచోట రాయికి వంద మీటర్ల పక్కనుంచి పోదాం అనే ఆలోచన పెట్టుకోరు.

ఇక జూమ్. ఇది అందరికంటే పెద్దవాళ్లను కూడా ముంచింది. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేసులో, కేప్‌టౌన్ నుంచి అబుదాబి వెళ్తున్న టీమ్ వెస్టాస్ విండ్ పడవ మన హిందూ మహాసముద్రంలోనే, మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కారజోస్ దిబ్బల మీదకు రాత్రిపూట సుమారు 19 నాట్ల వేగంతో ఎక్కేసింది. తొమ్మిది మంది ఉన్నారు, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ప్రపంచంలోనే పేరున్న సెయిలర్లు, ఖరీదైన పరికరాలు, జీపీఎస్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎలక్ట్రానిక్ చార్టును దూరం నుంచి చూస్తే ఆ దిబ్బలు ప్రమాదంగా కనిపించవు, దగ్గరగా జూమ్ చేస్తేనే కనిపిస్తాయి. వాళ్లు దారి వేసుకున్నప్పుడు ఆ చోట తగినంత జూమ్ చేసి చూడలేదు. కాగితపు చార్టులో గీసింది ఎప్పుడూ కనిపిస్తుంది, తెర మీద మనం జూమ్ చేసినంతే కనిపిస్తుంది. కాబట్టి రూటు గీశాక మొదటి నుంచి చివరి దాకా దగ్గరి జూమ్‌లో ఒకసారి వేలితో జరుపుకుంటూ చూడటం తప్పనిసరి. బద్ధకించకండి.

మన దగ్గరికొస్తే, గోదావరి మొగల దగ్గర ఏ చార్టునూ పూర్తిగా నమ్మలేం. భైరవపాలెం వైపు గానీ అంతర్వేది వైపు గానీ ఇసుక మేటలు ప్రతి వరదకూ చోటు మారతాయి. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అయితే గోదావరి తెచ్చిన ఒండ్రుతో గత రెండు వందల ఏళ్లలో పుట్టిన దిబ్బే. ఇలాంటి చోట సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన తాజా ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని ఎంబీటైల్స్ అనే రకం మ్యాపు ఫైలుగా మార్చి ఓపెన్‌సీపీఎన్‌లో చార్టు పక్కన పెట్టి చూడొచ్చు. నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఫొటోలో లోతు తెలియదు, కానీ మేట ఎటు జరిగిందో తెలుస్తుంది. మొగలోకి దూరేటప్పుడు మాత్రం ఆ ఊరి సరంగు చెప్పిందే వినండి.

వేటకు వెళ్లేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సమాచారం అక్షాంశ రేఖాంశాలతో ఇస్తుంది కదా, వాటిని ట్యాబ్‌లో కొట్టేటప్పుడు ఫార్మాట్ చూసుకోండి. 17 డిగ్రీల 41.50 నిమిషాలు వేరు, 17 డిగ్రీల 41 నిమిషాల 50 సెకన్లు వేరు. రెండిటికీ మధ్య 600 మీటర్లకు పైగా తేడా. ఆప్షన్లలో మూడు రకాల ఫార్మాట్లు ఉంటాయి, మీకు సమాచారం ఏ రకంగా వస్తుందో అదే పెట్టుకోండి. లోతును కూడా మీటర్లలో గానీ ఫాథమ్‌లలో గానీ పెట్టుకోవచ్చు, బారల లెక్క అలవాటున్న పెద్దవాళ్లకు ఫాథమ్ సులువు.

మిగతా ఫీచర్లు గబగబా చెప్పేస్తాను. యాంకర్ వేశాక బోటు జరిగితే అలారం మోగుతుంది. మనిషి నీళ్లలో పడితే ఒక బటన్‌తో ఆ చోటు గుర్తు పెట్టేస్తుంది. ఓడలు తమ చోటు, వేగం చెప్తూ పంపే రేడియో సిగ్నళ్లను అందుకునే ఏఐఎస్ రిసీవర్ తగిలిస్తే, పెద్ద ఓడలు ఎంత దగ్గరగా వస్తాయో ముందే లెక్కకట్టి చెప్తుంది, విశాఖ పోర్టు బయట రాత్రిపూట ఇది చాలా పెద్ద ధైర్యం. వల చిక్కుకునే చోట్లను గుర్తుపెట్టి జీపీఎక్స్ ఫైలుగా పక్క బోటు వాళ్లకు పంపొచ్చు. ప్లగిన్‌తో సరిహద్దు గీత గీసుకుని దాటబోతే అలారం పెట్టుకోవచ్చు, గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి పనిచేసే మనవాళ్లు ఇది కచ్చితంగా పెట్టుకోవాలి. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఇళ్లకు చేరేసరికి 2020 జనవరి వచ్చింది. ఆ ఇళ్లలో ఏడాదికి పైగా ఎంత టెన్షన్ పడి ఉంటారో మీరే ఆలోచించండి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎండలో మామూలు ట్యాబ్ తెర సరిగా కనిపించదు, వేడెక్కితే వెలుగు తనంతట తనే తగ్గించేసుకుంటుంది. తెర మీద నీటి చుక్కలు పడితే టచ్ పిచ్చిపిచ్చిగా కదులుతుంది. ఛార్జింగ్ పోర్టులో ఉప్పునీరు చేరితే అంతే సంగతులు. ల్యాప్‌టాప్ అయితే క్యాబిన్ లోపలే ఉండాలి. ఆండ్రాయిడ్ వెర్షన్‌లో మెనూలు చిన్నగా ఉంటాయి, ఊగే బోటులో వేలితో నొక్కడం కష్టం. ఇంకొకటి, బోటు ఆగి ఉన్నప్పుడు దిశ చూపించే గీత ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. జీపీఎస్‌కు మనం కదిలే దిశే తెలుస్తుంది, ముక్కు ఎటుందో తెలియదు, కంపాస్ ఉండాల్సిందే.

కాబట్టి నా సలహా ఇది. సెయిలింగ్ నేర్చుకునేవాళ్లు, మర్చంట్ నేవీ కోర్సు చదివే పిల్లలు, ల్యాప్‌టాప్‌లో ఈ రోజే వేసుకోండి, నోవా చార్టులతో ప్రాక్టీస్ చేయండి. క్యాబిన్ ఉన్న బోటు వాళ్లు రెండో పరికరంగా పెట్టుకోండి. క్యాబిన్ లేని ఫైబర్ బోటు వాళ్లు నీళ్లు తగిలినా పాడవని చిన్న జీపీఎస్ కొనుక్కుని, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో రూటు వేసుకుని అందులోకి ఎక్కించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, మరపడవల వాళ్లు సెట్టింగులన్నీ ఆ రోజుల్లో చేసుకోవచ్చు. జెట్టీకి కట్టేసి ఉన్నప్పుడే బోటు గుర్తు చార్టులో అదే జెట్టీ మీద ఉందా, నేల మీదకు ఎక్కిందా చూడండి, ఎక్కితే ఆ చార్టు తీసేయండి. ఎస్-63 పర్మిట్ ఎలా తీసుకోవాలో, ప్లగిన్ ఎలా వేయాలో వచ్చే వీడియోలో తెర మీదే చేసి చూపిస్తాను, మీ ట్యాబ్ మోడల్ కింద కామెంట్‌లో రాయండి.