గూనపెంకుల చప్పట్లు

సభకు నమస్కారం.

పిల్లల్ని లాటిన్ క్లబ్బులో చేర్పించిన తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "వ్యాకరణ పరీక్షలు సరే, కెర్తామెన్ క్విజ్ సరే. ముఖానికి రంగులు పూసుకుని గొంతు చించుకునే ఆ స్పిరిట్ పోటీ ఎందుకండీ?" ఈ సాయంత్రం దానికే జవాబు చెప్పాలనుకుంటున్నాను.

అమెరికాలో లాటిన్, గ్రీకు చదివే బడిపిల్లల సంఘం నేషనల్ జూనియర్ క్లాసికల్ లీగ్ 1936లో పుట్టింది. తొలి జాతీయ సమావేశం 1954లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో జరిగింది. ఇప్పుడు ఏటా వేసవిలో ఏదో ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో వెయ్యిమందికి పైగా పిల్లలు దాదాపు వారం రోజులు కలిసి గడుపుతారు. సర్వసభలో రాష్ట్రాలవారీగా కూర్చుని, ఆ రోజుకు ఇచ్చిన అంశానికి తగ్గ వేషాలతో, నినాదాలతో హాలు అదరగొడతారు. న్యాయనిర్ణేతలు చూసి మార్కులు వేస్తారు.

ఒక వేసవి మా అమ్మాయి జట్టుకు తోడుగా నేనూ వెళ్ళాను. రాత్రి హాస్టల్ వరండాలో పిల్లలు నేలమీద అట్టముక్కలు పరుచుకుని నినాదం రాస్తున్నారు. ఒక అబ్బాయి 'అగె' అని రాశాడు, కానివ్వు అని అర్థం. పక్కనున్న చిన్నపిల్ల ఊరుకోలేదు. "అది ఒక్కరితో అనే మాట. మనం అందరినీ పిలుస్తున్నాం కదా, అగితె అనాలి" అంది. మనకు 'రా', 'రండి' ఉన్నట్టే! తర్వాత జట్టు నాయకుడి పేరు. లాటిన్ తరగతిలో అతను మార్కుస్. పిలిచేటప్పుడు మాత్రం మార్కె అవుతాడు. మనం బడిలో వల్లెవేసిన సంబోధన ప్రథమా విభక్తే అది. పుస్తకంలో అది పట్టికలో ఒక గడి. అక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. సంబోధనకు పిలిచే గొంతు కావాలి, తిరిగి చూసే మనిషి కావాలి. ఆ వరండాలో రెండూ ఉన్నాయి. అందుకే ఆ పిల్లలు ఆ రూపాన్ని ఇక మరిచిపోరని నా నమ్మకం.

ఈ అరుపులు గొడవలకు దారితీస్తాయేమోనన్న మీ భయం కూడా తీసిపారేసేది కాదు, అది రోమ్ నాటిదే. రథపందేల్లో ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ జట్లు ఉండేవి. జనం గుర్రాలను కాదు, జట్టు రంగు గుడ్డను ప్రేమిస్తున్నారని రోమన్ రచయిత చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో నొచ్చుకున్నాడు. క్రీ.శ. 59లో ఇటలీలోని పాంపేయి పట్టణంలో గ్లాడియేటర్ల ఆట చూడటానికి పొరుగూరు నుకేరియా నుంచి జనం వచ్చారు. ఎగతాళి మాటలు రాళ్ళయ్యాయి, రాళ్ళు కత్తులయ్యాయి. అటువంటి ప్రదర్శనలను అక్కడ పదేళ్ళపాటు సెనేట్ నిషేధించింది.

అయితే నేను చూసింది వేరు. మూడో రోజు సభలో అయిదుగురే ఉన్న ఒక రాష్ట్రం వంతు వచ్చింది. దుప్పట్లే టోగాలుగా, అంటే రోమన్ల పైవస్త్రాలుగా, చుట్టుకుని లేచారు. వాళ్ళ నినాదం రెండో వరుస దాటలేదు. ఒక అమ్మాయి గొంతు అప్పటికే పూర్తిగా పోయింది, పెదవులు మాత్రమే కదులుతున్నాయి. అంతలో పక్కనే ఉన్న పెద్ద జట్టు, ఉదయం నుంచి వీళ్ళతో పోటీపడుతున్న జట్టే, లేచి నిలబడి ఆ నినాదాన్నే అందుకుంది. తర్వాత వెనక వరుసలు అందుకున్నాయి. ఆ అయిదుగురి మాట హాలంతా నిండింది. నాకు కళ్ళు చెమర్చాయి. మార్కులు ఎన్ని పడ్డాయో చూడాలని కూడా తోచలేదు.

ఇంకొక్క సంగతి. నీరో చక్రవర్తి తన పాటకు చప్పట్లు కొట్టడానికి అయిదు వేలమందికి పైగా యువకులను కూడగట్టాడని రోమన్ చక్రవర్తుల జీవితాలు రాసిన సుయెటోనియస్ చెప్పాడు. వాళ్ళ నాయకులకు తలా నాలుగు లక్షల సెస్టర్షియస్‌లు, అంటే రోమన్ నాణేలు, ముట్టేవి. ఆ చప్పట్లలో మూడు రకాలు: తేనెటీగల రొద, గూనపెంకులు, చదును పెంకులు. గూనపెంకులంటే అరచేతులు దొప్పలా వంచి కొట్టేవని పండితుల ఊహ. నీరో డబ్బుపోసి కొనుక్కున్న ఆ చప్పట్లను మా పిల్లలు ఊరికే నేర్చుకున్నారు, పక్క జట్ల కోసం కొడుతున్నారు.

వాళ్ళు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు, ఇప్పుడు వేదిక మీదికి వస్తారు. మీరూ ఒకసారి చేతులు ఇలా దొప్పలా వంచండి. వేళ్ళు కలిపి, మధ్యలో గాలి ఉండేలా. ఆ, అదే.

అగితె!