కోదాడలో అన్నం, మక్తల్‌లో రొట్టె: ఒకే రోడ్డు మీద మారే తిండి

[తెర మీద: దక్షిణ తెలంగాణ పటం. తూర్పున కోదాడ నుంచి పడమట మక్తల్ దాకా ఒక ఎర్ర గీత]

మన రాష్ట్రంలో పెద్ద రోడ్లన్నీ హైదరాబాద్ చుట్టూనే తిరుగుతాయి. 167వ నంబరు జాతీయ రహదారి మాత్రం రాజధాని మొహం చూడదు. విజయవాడ రోడ్డు మీద కోదాడలో విడిపోయి సాగర్ రోడ్డును, శ్రీశైలం రోడ్డును, కర్నూలు రోడ్డును అడ్డంగా దాటుకుంటూ కర్ణాటకలోకి వెళ్లిపోతుంది. మా పుట్టిల్లు మిర్యాలగూడ వైపు, అత్తిల్లు మక్తల్ వైపు. అంటే మా సంసారానికి రెండు కొసలూ ఈ రోడ్డు మీదే ఉన్నాయి. ఈసారి బస్సు మానేసి, కారులో ఆగి ఆగి తింటూ వెళ్లాం. ఈ దారిలో కంచంలోకి ఏది వస్తుందో నిర్ణయించేది వంటవాడు కాదు, కాలువ. అదెలాగో చూపిస్తాను.

[దృశ్యం: మిర్యాలగూడ, రైసు మిల్లుల వరుస, పొగ గొట్టాలు]

మిర్యాలగూడ పొలిమేరలోనే ఉడికిన వడ్ల వాసన తగులుతుంది. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే ఉప్పుడు బియ్యం. ఇక్కడ తయారయ్యే ఆ బియ్యాన్ని ఇక్కడివాళ్లు తినరు, కేరళ, తమిళనాడు వాళ్లు తింటారు. మాకు సన్నబియ్యమే కావాలి. తెల్లటి అన్నం, రవ్వు చేపల పులుసు, పక్కన పచ్చిపులుసు. మా ఆయన రెండోసారి వడ్డించుకుని, "రొట్టె లేదా అత్తయ్యా?" అని అడిగారు. మా అమ్మ నవ్వలేదు.

ఈ అన్నానికి వయసు ఎంతో లేదు. నాగార్జునసాగర్‌కు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ రాకముందు ఈ ఊళ్లలోనూ జొన్న, సజ్జే. మా అమ్మమ్మ గటక తిని పెరిగిన మనిషి.

[దృశ్యం: హాలియా దాటాక రోడ్డు, పచ్చదనం తగ్గి పత్తి చేలు]

హాలియా దాటి పడమటికి వెళ్తే వరి పలచబడుతుంది. కారణం చాలా మామూలుది. కాలువ నీరు వాలులోనే పారుతుంది, ఇక్కడి నుంచి నేల ఎత్తవుతుంది. కొండమల్లేపల్లి వైపు పత్తి, బోర్ల కింద బత్తాయి తోటలు. రసం తాగండి, ఐసు వద్దని ముందే చెప్పండి.

కల్వకుర్తి చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో వేరుశనగ. యాసంగి పంట పీకే రోజుల్లో వెళ్తే పచ్చి కాయలు ఉప్పేసి ఉడికించి అమ్ముతారు. ఇక్కడి నుంచి పల్లీ ప్రతి వంటలోకీ దూరుతుంది: పచ్చడిలో, పొడిలో, వంకాయ కూరలో, సర్వపిండిలో.

[దృశ్యం: జడ్చర్ల కూడలి, బాలానగర్ వైపు మలుపు, సీతాఫలాల గంపలు]

దసరా, దీపావళి మధ్య వెళ్లేవారు జడ్చర్లలో కుడివైపు తిరిగి బాలానగర్ దాకా వెళ్లి రావాలి. దారి తప్పినట్టే, అయినా తప్పాలి. బాలానగర్ అన్నది ఊరి పేరే కాదు, సీతాఫలంలో పేరున్న రకం కూడా. రాళ్ల గుట్టల మీద, నీరు పెట్టే దిక్కు లేకుండా పెరిగే చెట్టు ఇది. కాయను నొక్కి చూడకండి, అమ్మేవాళ్లు కోప్పడతారు. కన్ను విచ్చిందా లేదా చూడండి. కళ్ల మధ్య గాడులు వెడల్పయి, లేత పసుపు రంగుకు తిరిగితే రెండు మూడు రోజుల్లో పండుతుంది. గాడులు పచ్చగా, ఇరుకుగా ఉన్న కాయ పండదు, నల్లబడిపోతుంది.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి ఉంది. చూశాం, నీడ బాగుంది. మాకు ఆకలి ఎక్కువగా ఉంది.

[దృశ్యం: రోడ్డు పక్క రొట్టెలు కొడుతున్న చేతులు, దగ్గరగా]

జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి పిసుకుతారు. కర్రతో రుద్దితే విరుగుతుంది కాబట్టి అరచేత్తో కొట్టి తిప్పుతారు. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో నీళ్లు రాస్తారు, లేకపోతే అంచులు పగులుతాయి. రొట్టె పొంగినప్పుడు తీసి, వెల్లుల్లి కారంతో వెంటనే తినాలి. చల్లారిన రొట్టెను మెచ్చుకునే ఓపిక మా ఆయనకుంది, నాకు లేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టింది పాలమూరు, అంటే ఈ మహబూబ్‌నగర్ ప్రాంతపు కూలీలు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదీ మక్తల్ వైపునే. జూరాల, శ్రీశైలం దాటాకే సాగర్‌కు చేరుతుంది. నది లోతున, పొలం ఎత్తున ఉండడంతో ముందు వచ్చిన నీరు ముందున్నవాళ్లకు అందలేదు. మా మామయ్య చిన్నతనంలో వరి అన్నం పండగ వంట. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చి దాన్ని రోజువారీ తిండిగా మార్చింది. తర్వాత కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు నీటిని పైకి తెచ్చాయి. నేనిప్పుడు జొన్నచేను చూపించాలంటే కెమెరా పట్టుకుని వెతుక్కోవలసి వచ్చింది. రైతు వరి వేస్తే తప్పుపట్టే హక్కు, కాలువ కింద పుట్టిన నాకు లేదు.

[దృశ్యం: మక్తల్, ఉదయం, పలహారాల బండి]

మక్తల్‌లో తిండి మీద రాయచూరు గాలి తగులుతుంది. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాణి. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. ముంచిన బొరుగులు ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి, బండి దగ్గర నిలబడి చూస్తే ఆ చెయ్యి వేగం తెలుస్తుంది. ఇది పొద్దుటి పలహారం, పది దాటాక వెళ్తే బజ్జీలే మిగులుతాయి. కోదాడ నుంచి ఒక్క రోజులో లాగించాలని చూడకుండా, రాత్రికి మహబూబ్‌నగర్‌లో ఆగి తెల్లవారుజామున బయలుదేరండి.