బాంబులు పడ్డ చర్చిల్లో కొత్త శిల్పాలకు పనేంటి?

శ్రీను: అందరికీ నమస్కారం. వాణి అక్క మళ్లీ మనతో ఉంది. అక్కా, సూటిగా అడుగుతున్నా. యుద్ధంలో చర్చి కూలింది, మళ్లీ కడుతున్నారు. పాతది ఎలా ఉండేదో అలాగే కట్టేస్తే సరిపోతుంది కదా? మధ్యలో ఈ కాలపు శిల్పిని పిలవడం దేనికి?

వాణి: చాలాచోట్ల పిలవక్కర్లేదు శ్రీనూ. ఆర్కిటెక్ట్‌ని కాబట్టి కాస్త పక్షపాతంగానే చెప్తాను. ఆ శిల్పం కట్టడానికి ఏదో ఒక పని చేసిపెట్టాలి. ఊరికే గోడకి తగిలిస్తే కొన్నేళ్లకి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక ఉదాహరణ చెప్తా. వేల్స్‌లో కార్డిఫ్ పక్కనే లాండాఫ్ కథీడ్రల్ ఉంది, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి. 1941 జనవరి 2 రాత్రి జర్మన్లు పారాచూట్‌తో దింపిన మైన్ దాని పక్కనే పేలింది. పైకప్పు ఎగిరిపోయింది. బ్రిటన్ కథీడ్రల్స్‌లో కోవెంట్రీ తర్వాత అంతగా దెబ్బతిన్నది ఇదే అంటారు.

శ్రీను: కోవెంట్రీ అయితే శిథిలాలను అలాగే ఉంచేసి పక్కన కొత్తది కట్టారు.

వాణి: అవును, అది వేరే దారి. లాండాఫ్‌లో పాత గోడల మధ్యనే మళ్లీ కట్టారు. జార్జ్ పేస్ అనే ఆర్కిటెక్ట్‌కి ఒక చిక్కొచ్చింది. జనం కూర్చునే హాలుకీ, గాయకులు కూర్చునే చోటుకీ మధ్య ఒక హద్దు కావాలి. అడ్డంగా గోడ కడితే వెనక కూర్చున్నవాళ్లకి బలిపీఠం కనపడదు. అందుకని నేల మీద దారి తెరిచి ఉంచి, పైన ఒక కాంక్రీట్ ఆర్చ్ లేపాడు. దాని మీద గుండ్రటి కాంక్రీట్ డ్రమ్ము. ఆర్గన్ అనే చర్చి వాద్యానికి ఉండే పైపులు కొన్ని అందులోనే ఉంటాయి. ఆ డ్రమ్ముకి ముందు జేకబ్ ఎప్‌స్టీన్ చేసిన క్రీస్తు విగ్రహం, దాదాపు 16 అడుగులు.

శ్రీను: రాతిదా?

వాణి: అల్యూమినియం.

శ్రీను: అల్యూమినియమా! కథీడ్రల్‌లోనా?

వాణి: చెప్పగానే అందరి మొహం అలాగే అవుతుంది. కానీ అది మెరిసిపోయే అల్యూమినియం కాదు, మసక బూడిద రంగు. సన్నగా, పొడవుగా, చేతులు కిందికి చాచి ఉంటాడు. 1957లో పెట్టారు. ఎప్‌స్టీన్ న్యూయార్క్‌లో పోలిష్ యూదుల కుటుంబంలో పుట్టినవాడు. ఆయన శిల్పాల మీద అప్పటికే బోలెడన్ని గొడవలయ్యాయి. అయినా ఆ చర్చివాళ్లు ఆయన్నే అడిగారు.

శ్రీను: డబ్బులెవరిచ్చారు? యుద్ధం అయ్యాక అంతా కటకటే కదా.

వాణి: నాకు బాగా నచ్చిన సంగతి అదే. ప్రభుత్వం తరఫున వార్ డ్యామేజ్ కమిషన్ ఉండేది. పగిలిన రంగుటద్దాల కిటికీలను మళ్లీ చేయించుకోవడానికి అది పరిహారం ఇస్తుంది. ఆ డబ్బుని కిటికీలకి బదులు లోపల కళాకృతుల మీద ఖర్చు పెట్టుకోవచ్చా అని పేస్ అడిగాడు. వాళ్లు సరే అన్నారు. ఫైళ్లు కదిలించే ఆఫీసువాళ్లు అంత సులువుగా ఒప్పుకుంటారని నేనైతే ఊహించను!

శ్రీను: మన గుళ్లలో విగ్రహం భిన్నమైతే పూజకి పనికిరాదని నీళ్లలో నిమజ్జనం చేసి కొత్తది ప్రతిష్ఠిస్తారు. అక్కడ మిగిలిన పాత బొమ్మల్ని ఏం చేశారు?

వాణి: పారేయలేదు. గాయకుల ఆసనాల మీద విక్టోరియా కాలం నాటి చిన్న బొమ్మలు ఉండేవి. వాటిల్లో 60కి పైగా దక్కాయి. బంగారు పూత వేయించి ఆ కాంక్రీట్ డ్రమ్ము చుట్టూ నిలబెట్టారు. అంటే ఒకే కట్టడం హద్దుగా, ఆర్గన్‌కి గూడుగా, పాత బొమ్మలకి చోటుగా మూడు పనులు చేస్తోంది. ఆ ఆర్చ్ నచ్చనివాళ్లు ఇప్పటికీ ఉన్నారులే. పాత రాతి స్తంభాల మధ్య కాంక్రీట్ ఏంటి అని.

శ్రీను: ఫోటో చూశాక నేనూ వాళ్ల పార్టీయే అక్కా.

వాణి: వెళ్లి కింద నిలబడి చూసి అప్పుడు చెప్పు. సరే, ఇంతకంటే పెద్ద గొడవ లండన్‌లో అయ్యింది, ఏకంగా కోర్టుకెక్కారు. సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అని, క్రిస్టఫర్ రెన్ అనే ఆర్కిటెక్ట్ 1672లో మొదలుపెట్టిన చర్చి. లోపల అద్భుతమైన గుమ్మటం ఉంటుంది. 1941 బాంబు దాడుల్లో ఆ గుమ్మటం దెబ్బతింది, యుద్ధం తర్వాత బాగు చేశారు. కొన్నేళ్లకి కట్టడమే కుంగడం మొదలైంది, దాంతో మళ్లీ పెద్ద మరమ్మతు. చర్చి వార్డెన్‌గా, అంటే చర్చి బాగోగులు చూసే సభ్యుడిగా ఉన్న పీటర్ పలంబో అనే ఆస్తిపరుడు ఖర్చు భరించాడు, పనిలో పనిగా హెన్రీ మూర్‌ని ఒక బలిపీఠం అడిగాడు.

శ్రీను: హెన్రీ మూర్ అంటే పడుకున్న ఆడవాళ్ల బొమ్మలు చేసే ఆయనే కదా?

వాణి: ఆయనే. డెబ్బై దాటిన వయసులో, 1972 ప్రాంతంలో, ట్రావర్టైన్ అనే ఒక రకం సున్నపురాతిలో ఒక గుండ్రటి దిమ్మ చెక్కాడు. టన్నుల బరువు. దాన్ని సరిగ్గా గుమ్మటం కింద, నడిమధ్యన పెట్టాలని ఆలోచన. తూర్పు గోడ వైపు చూస్తూ వరసల్లో కూర్చునే జనం చుట్టూ గుండ్రంగా కూర్చుంటారన్నమాట. అభ్యంతరం ఎక్కడొచ్చిందంటే, ఇంగ్లండ్ చర్చి చట్టం ప్రకారం ప్రభు భోజనానికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి, ఉండాల్సింది బల్ల. ప్రొటెస్టెంట్లు కాథలిక్కుల నుంచి విడిపోయిన 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలో, బలి అర్పించే రాతి పీఠం వద్దు, కలిసి భోంచేసే బల్ల కావాలి అని పెద్ద పోరాటమే జరిగింది. 1964 చట్టం రాతి బల్లను ఒప్పుకుంది. కానీ ఈ దిమ్మ అసలు బల్లేనా?

శ్రీను: కాళ్లు లేవుగా మరి!

వాణి: కింది కోర్టు దాదాపు నీలాగే అంది, కుదరదని చెప్పింది. పలంబో పై కోర్టుకి వెళ్లాడు. చాలా అరుదుగా కొలువుదీరే చర్చి కోర్టు అది. 1987లో తీర్పు తిరగబడింది, పెట్టుకోవచ్చని. కానీ మూర్ 1986 ఆగస్టులోనే చనిపోయాడు. తన రాయి అక్కడ కుదురుకోవడం ఆయన చూడలేదు.

శ్రీను: జనం ఏమన్నారు?

వాణి: కామెంబెర్ అని పేరు పెట్టారు, ఫ్రెంచ్ చీజ్ ముద్ద! ఆ ఆటపట్టింపు నాకు తప్పనిపించదు. ఎందుకంటే ఆ రాయి చుట్టూ కూర్చుంటే పైన రెన్ గుమ్మటం ఎందుకుందో అర్థమవుతుంది. మూడొందల ఏళ్ల కట్టడానికి అది కొత్త కేంద్రం ఇచ్చింది. రెన్ ఉద్దేశం ఇది కాదు కదా అని వాదించేవాళ్లు చెప్పేదీ నిజమే.

శ్రీను: జర్మనీ సంగతి కూడా చెప్తానన్నావు.

వాణి: క్లుప్తంగా చెప్తా. డ్రెస్డెన్ నగరంలోని ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి 1945 ఫిబ్రవరి 13 నుంచి జరిగిన దాడుల్లో కాలిపోయి, 15న కూలింది. దశాబ్దాల పాటు రాళ్లకుప్పగా ఉండి, 2005లో మళ్లీ తెరుచుకుంది. పైన అంతా పాత రూపమే. గోడల్లో నల్లబడ్డ పాత రాళ్లు, తెల్లటి కొత్త రాళ్ల మధ్య మచ్చల్లా కనిపిస్తాయి. గుమ్మటం మీది శిలువని చేసిన లండన్ కంసాలి అలన్ స్మిత్ తండ్రి, ఆ దాడికి వెళ్లిన పైలట్. కొత్త శిల్పం మాత్రం కింద ఉంది, భూగర్భంలో. అక్కడి బలిపీఠం ముంబైలో పుట్టిన అనీష్ కపూర్‌ది, పెద్ద నల్ల రాయి. పైన ఇంకా కడుతుండగానే, 1996లో ఆ కింది చర్చిలో ప్రార్థనలు మొదలయ్యాయి.

శ్రీను: అంటే ఆ రాయికీ పనుంది. నీ సిద్ధాంతం గెలిచినట్టే.

వాణి: పూర్తిగా కాదులే. లాండాఫ్ క్రీస్తుకి బంగారు పూత వేసిన ప్లాస్టర్ రూపం ఒకటి న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో ఉంది. అక్కడ ఆర్చ్ లేదు. గోడ మీద ఉంది.

శ్రీను: బాగుందా?

వాణి: బాగానే ఉంది. అదే నా ఇబ్బంది.