వేలి క్లిప్పు 96 చూపిస్తే, అది ఎవరి 96?

అందరికీ నమస్కారం. చాలా ఇళ్లల్లో బీపీ మిషన్ పక్కనో, మందుల డబ్బా అడుగునో, 2021లో హడావుడిగా కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంకా పడి ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తే ఇప్పటికీ ముందు దాన్నే వెతుకుతాం. వేలికి తగిలిస్తాం, రక్తంలో ఆక్సిజన్ 96 శాతం అంటుంది, హమ్మయ్య అనుకుంటాం.

ఆ 96 నిజానికి కొలిచిన అంకె కాదు. వేరేవాళ్ల రక్తంతో తయారుచేసిన పట్టికలో వెతికి చెప్పిన అంకె. ఇవాళ్టి వీడియో అంతా దాని గురించే.

ముందు క్లిప్పు నోరు తెరిచి చూపిస్తాను. పై రెక్కలో పక్కపక్కనే రెండు ఎల్ఈడీలు. ఒకటి ఎరుపు, తరంగదైర్ఘ్యం 660 నానోమీటర్లు. రెండోది ఇన్‌ఫ్రారెడ్, 940 నానోమీటర్లు, కంటికి కనపడదు. కింది రెక్కలో నల్లగా కనిపిస్తున్న ఈ చిన్న గడి ఫోటోడయోడ్, అంటే కాంతి ఎంత వచ్చిందో చెప్పేది. ఎల్ఈడీలు రెండూ వంతులవారీగా సెకనుకు వందలసార్లు వెలిగి ఆరతాయి. రెండూ ఆరి ఉన్న క్షణంలో పడ్డది గది వెలుతురు అన్నమాట. దాన్ని మిషన్ లెక్కలోంచి తీసేస్తుంది.

ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ ఎరుపు కాంతిని పెద్దగా పీల్చుకోదు, అందుకే ఆ రక్తం అంత ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్ దిగిపోయిన హిమోగ్లోబిన్ ఎరుపును బాగా పీల్చుకుంటుంది, రక్తం ముదురు రంగుకు తిరుగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ దగ్గరికొచ్చేసరికి ఇది తారుమారు. కాబట్టి రెండు రంగులూ వేలిని దాటి ఎంతెంత బయటపడ్డాయో పోల్చితే ఆక్సిజన్ సంగతి తెలియాలి.

చెప్పడానికి తేలికే. కానీ వేల్లో రక్తం ఒక్కటే లేదుగా! చర్మం, గోరు, ఎముక, కొవ్వు, సిరల్లో నిలిచిన రక్తం, అన్నీ కాంతిని మింగేవే. ఇందులో గుండె నుంచి ఆక్సిజన్ మోసుకొచ్చే ధమని రక్తాన్ని విడదీసేదెలా? దారి చూపించింది జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి. నిహొన్ కోడెన్ కంపెనీలో 1970ల మొదట్లో ఆయన చేస్తున్న పని వేరు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి దగ్గర కాంతితో గుండె ఎంత రక్తం తోస్తోందో కొలవాలని ప్రయత్నం. గుండె కొట్టుకున్నప్పుడల్లా గ్రాఫు ఊగి లెక్క పాడయ్యేది. ఆ ఊగుడును వదిలించుకోవాలని చూస్తుంటే ఆయనకు తట్టింది: ఊగేది ధమని రక్తం మాత్రమే, మిగతావన్నీ కదలకుండా ఉండేవే. వదిలించుకోవాలనుకున్నదే కావలసిన కబురు! 1974లో ఈ పద్ధతిని బయటపెట్టారు. ఆయన చనిపోయింది 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా ప్రపంచమంతా ఆ క్లిప్పుల కోసం షాపుల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో.

ఇప్పుడు లెక్క. ఎరుపు కాంతి వంద పాళ్లు వస్తుంటే అందులో ఒక పాలు నాడితో పాటు ఊగుతోంది అనుకోండి. ఇన్‌ఫ్రారెడ్‌లో వందకి రెండు పాళ్లు ఊగుతోంది. ఒకటిని రెండుతో భాగిస్తే 0.5. ఇంతవరకే మిషన్ కొలిచేది. దీన్ని శాతంగా మార్చడానికి పాఠాల్లో వాడే మోటు సూత్రం ఒకటుంది: 110 లోంచి, ఈ నిష్పత్తిని 25తో గుణించి తీసేయడం. 0.5 అయితే 97.5 వస్తుంది. నిష్పత్తి 1 అయితే 85. అసలు మిషన్లలో ఒక్కో కంపెనీకి ఒక్కో సొంత పట్టిక ఉంటుంది.

85 అనే అంకెను కాస్త గుర్తుపెట్టుకోండి. చెయ్యి వణికితే ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ రెండూ ఒకేలా ఊగుతాయి. నిష్పత్తి ఒకటి దగ్గరికి చేరుతుంది, తెర మీద 85 చుట్టూ అంకె తిరుగుతుంది. మనిషి కులాసాగా కబుర్లు చెబుతున్నాడు, క్లిప్పేమో 84, 86, 85 అంటోంది. అంటే ముందు చేతిని చూడండి, ఊపిరితిత్తుల్ని కాదు. చెయ్యి నిలకడగా పెట్టాక కూడా అదే వస్తుంటే మాత్రం తాత్సారం చేయొద్దు.

మరి ఆ పట్టిక ఎలా తయారవుతుంది? ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లను పడుకోబెట్టి, మణికట్టు ధమనిలో సన్నటి గొట్టం పెడతారు. పీల్చే గాలిలో ఆక్సిజన్ మెట్టుమెట్టుగా తగ్గిస్తూ రక్తంలో శాతాన్ని 100 నుంచి 70 దాకా దించుతారు. ప్రతి మెట్టు దగ్గరా ధమని రక్తం తీసి ల్యాబ్ మిషన్‌లో కొలిచి, అదే క్షణంలో క్లిప్పు చూసిన నిష్పత్తి పక్కన రాసుకుంటారు. 70 కంటే కిందికి మనుషుల్ని దించడం ప్రమాదం కాబట్టి అక్కడితో ఆపేస్తారు. క్లిప్పు మీద 62 కనిపిస్తే అది గీతను కిందికి పొడిగించి వేసిన అంచనా.

ఇంతకీ ఆ వలంటీర్లు ఎవరు? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన సూచన ప్రకారం కనీసం 10 మంది చాలు. వాళ్లలో ముదురు చర్మం ఉన్నవాళ్లు ఇద్దరు, లేదా 15 శాతం, ఏది ఎక్కువైతే అది. ఇద్దరంటే ఇద్దరు!

దాని ఫలితం 2020 డిసెంబరులో బయటపడింది. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆస్పత్రి రోగుల లెక్కలు ప్రచురించారు. క్లిప్పు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడే ధమని రక్తం తీసి చూస్తే, నిజంగా 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. దాదాపు మూడింతలు. అంటే ఆక్సిజన్ పెట్టాల్సిన మనిషిని క్లిప్పు ‘బాగానే ఉన్నాడు’ అంటోంది. ఇది కొత్తగా తెలిసిన విషయమూ కాదు. 1990లోనే ఐసీయూ రోగుల మీద జరిగిన అధ్యయనం ఇలాంటి తేడానే చూపించింది. ముప్పై ఏళ్లు పెద్దగా పట్టించుకోలేదంటే అది సైన్సు లోపం కాదు, నిర్లక్ష్యం.

ఇక్కడ మీలో లెక్కలు తెలిసినవాళ్లకు అనుమానం రావాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నాడితో పాటు ఊగదు కదా, నిష్పత్తి తీసినప్పుడు అది కొట్టుకుపోవాలి కదా? కాగితం మీద నిజమే. కానీ ఎల్ఈడీ లేజర్ లాంటిది కాదు. 660 అని రాసి ఉన్నా అటూ ఇటూ కొన్ని పదుల నానోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. మెలనిన్ తక్కువ తరంగదైర్ఘ్యాన్ని ఎక్కువగా మింగుతుంది. దాంతో లోపలికి దిగే ఎరుపు కాస్త పక్కకు జరిగి, పట్టిక వేసినప్పటి ఎరుపు కాకుండా పోతుంది. పైగా కాంతి వేల్లో తిన్నగా పోదు, చెదిరి చెదిరి పోతుంది. చర్మం మారితే ఆ దారీ మారుతుంది. ఎరుపు సిగ్నల్ బలహీనపడితే రణగొణే మిగులుతుంది. వేళ్లకు రక్తం సరిగా అందని రోగిలో ఈ తప్పులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

2025 జనవరిలో ఎఫ్‌డీఏ కొత్త ముసాయిదా తెచ్చింది. 10 మంది స్థానంలో కనీసం 150 మంది, చర్మపు రంగుల శ్రేణి అంతా అందులో ఉండాలని. కానీ అది వైద్యానికని అమ్మే మిషన్ల కోసం. మన ఇంట్లో క్లిప్పు పాతదే. మన దగ్గర ఒకే ఇంట్లో నాలుగు ఛాయల వాళ్లుంటారు, కాబట్టి ఇది అమెరికా గొడవ అని వదిలేయడానికి లేదు.

అయితే పారేయాలా? అక్కర్లేదు. అంకెను కాదు, అంకె మారడాన్ని నమ్మండి. బాగున్న రోజుల్లోనే ఇంట్లో ప్రతి ఒక్కరికీ పెట్టి ఎవరి మామూలు అంకె ఎంతో రాసి ఉంచండి. మామూలుగా 98 ఉండే నాన్నగారికి జ్వరంలో 94 వచ్చిందంటే, ‘94 పర్లేదులే’ అనుకోకూడదు, నాలుగు దిగింది అనుకోవాలి. ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మాట పూర్తిచేయలేకపోవడం ఉంటే అంకె ఎంతున్నా ఆస్పత్రికే.

పెట్టే పద్ధతి కూడా ఉంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టండి. చూపుడు వేలో మధ్య వేలో, కొస తగిలేదాకా లోపలికి పెట్టి, గోరు ఎల్ఈడీ వైపు ఉంచి, చేతిని గుండె ఎత్తున దిండు మీద ఆనించండి. మొదట కనిపించిన అంకె రాయొద్దు, నిమిషం ఆగి నిలబడ్డది రాయండి. మణికట్టు దగ్గర నాడి మీరే లెక్కపెట్టండి. క్లిప్పు చెప్పే నాడితో అది కలవకపోతే ఆక్సిజన్ అంకె కూడా చెల్లదు. నల్ల, నీలం నెయిల్ పాలిష్ తీసేయండి. గోరింటాకు ఎర్రగా పండితే ఇబ్బంది లేదు, నల్లటి హెన్నాతోనే తంటా. మరో వేలికి మార్చండి.

శాతం బాగుండి కూడా మోసపోయే సందర్భం ఒకటుంది. శాతం అంటే ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత నిండిందని. హిమోగ్లోబిన్ ఎంతుందో అది చెప్పదు. ఒక గ్రాము మోయగలిగేది సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్. హిమోగ్లోబిన్ 7 ఉన్న అమ్మాయికి 98 వచ్చినా, 14 ఉన్నామెతో పోలిస్తే రక్తంలో మోస్తున్నది సగమే. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కాబట్టి ఇది ఏ ఒక్కరి కథో కాదు.

చివరగా, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్. తలుపు, కిటికీ మూసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. అది పట్టుకున్న హిమోగ్లోబిన్ 660 దగ్గర ఆక్సిజన్ ఉన్నదానిలాగే కనిపిస్తుంది, రెండు రంగుల క్లిప్పుకు తేడా తెలియదు. మనిషి స్పృహ తప్పి ఉన్నా 98 అంటుంది. అప్పుడు క్లిప్పు కోసం వెతకొద్దు. కిటికీలు తెరిచి, గ్యాస్ కట్టేసి, మనిషిని బయటి గాలికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. గీజర్ విషయం డాక్టరుకు మీరే చెప్పండి, ఎందుకంటే ఏ రక్తపరీక్ష చేయాలో తేలేది ఆ ఒక్క మాటతోనే.