లా కాంపనెల్లా నిజంగా అంత కష్టమా?

నమస్తే అండీ, తిరుపతి నుంచి. నేను పియానో నేర్చుకుంటున్నానని తెలిస్తే చాలు, “లిస్ట్ రాసిన లా కాంపనెల్లానే కదా అన్నిటికంటే కష్టం?” అని అడుగుతారు. (లిస్ట్ పందొమ్మిదో శతాబ్దపు పియానో స్వరకర్త; కాంపనెల్లా అంటే చిన్న గంట.) కాదండీ. నా లెక్కలో దానికి 10కి 8. చూడ్డానికి మాత్రం 11!

మన కొండ లెక్కలో చెప్తాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్లు తక్కువని శ్రీవారి మెట్టు ఎక్కినవాళ్లను అడగండి, ఆ నిటారుకు ఊపిరెలా ఎగబోసిందో చెప్తారు. పియానోలోనూ ఎన్ని స్వరాలు, ఎంత స్పీడు అని కాదు, చెయ్యి ఎక్కడ సేద తీరుతుందో చూడాలి.

కాంపనెల్లా ఇప్పుడు అందరూ వాయించే రూపం 1851 నాటిది. బాణీ వయొలిన్ విద్వాంసుడు పగనీని రాసిన కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) లోది. కుడిచేతి చిటికెన వేలు రెండు ఆక్టేవుల (స్థాయిల) దాకా ఎగిరి, గంటలా మోగే పైస్వరం కొట్టి రావాలి. భయమేస్తుంది, నిజమే. కానీ ఎగిరేది వేలొక్కటే కాదు, భుజం, మోచెయ్యి కూడా సాయానికి వస్తాయి. పైగా ఆ గంట స్వరం చాలాసేపు ఒకటే కాబట్టి చేతికి దారి అలవాటవుతుంది. 1838లో లిస్టే రాసిన మొదటి రూపం దీనికంటే మొండిది.

ఇప్పుడు ఇంకో స్వరకర్త షోపాన్ రాసిన ఓపస్ 10 (ఆయన పదో సంపుటి) లో రెండో ఎట్యూడ్, అంటే సాధన కోసం రాసిన రచన. మొత్తం నిమిషంన్నర. చేతులు పెద్దగా కదలవు, అందుకే వాయిస్తుంటే ఎవరూ నోరెళ్లబెట్టరు. ఒక్క పని చేయండి. అరచేయి టేబుల్ మీద పెట్టి, నడిమి వేలు లోపలికి మడవండి. ఇప్పుడు ఉంగరపు వేలు పైకెత్తండి. లేవడం లేదు కదా? ఆ వేళ్లను లేపే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. షోపాన్ సరిగ్గా ఆ నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్లతోనే అర్ధస్వరాల మెట్లన్నీ ఎక్కించి దింపుతాడు. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 144 దెబ్బలు, దెబ్బకు నాలుగు స్వరాలు, అంటే సెకనుకు తొమ్మిదికి పైగా స్వరాలు. మిగిలిన రెండు వేళ్లు మధ్యమధ్యలో చిన్న కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) కొట్టాలి. భుజం సాయం రాదు, సేద తీరే చోటు లేదు. నాకైతే ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) దాటకముందే ముంజేయి బిగుసుకుపోయింది. మీకూ అలా అయితే ఆపేయండి, పంతం వద్దు. దీనికి నా మార్కులు 9.

లిస్ట్ రాసిన ‘ఫ్యూ ఫొలే’ అనే ఎట్యూడ్‌కి తొమ్మిదిన్నర. ఒకే చేత్తో ఒకేసారి రెండేసి స్వరాలను చాలా వేగంగా, అయినా మృదువుగా, గుసగుసలా వాయించాలి. గట్టిగా కొట్టి తప్పు దాచే వీలు కూడా లేదు.

ఇంకో మాట. 61 కీల కీబోర్డు మీద కాంపనెల్లా వచ్చేసిందని సంబరపడకండి, దాని పైస్వరాలకు ఆ కీలు చాలవు. షోపాన్‌ని తేలిక కీల మీద వాయించి సులువని తేల్చేయకండి, బరువున్న కీల మీద ఒకసారి ప్రయత్నించండి.

అన్నట్టు, ఆ మడిచిన వేలు ఇక తీసేయొచ్చు.