మధ్యలో వచ్చినవాడి తరఫున

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న అన్నలకు, అక్కలకు, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు నమస్కారం. స్పీకర్లు మేడ మీదికి మోసుకొచ్చిన తమ్ముళ్ళకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. తిరుపతిలో హెవీ మెటల్ సంగీతం పేరు మీద ఇంతమంది ఒకచోట కూర్చుంటారని నేను ఎప్పుడూ అనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది.

బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ స్మృతిలో జరుపుకుంటున్న సభ ఇది. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో, వాళ్ళు పుట్టి పెరిగిన ఊళ్ళోనే, బ్లాక్ సబ్బాత్ మొదటి నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించారు. ఆజీ కుర్చీలో కూర్చునే పాడాడు. అదే నెల 22న పోయాడు. ఆయన గొంతు గురించి ఇంతకుముందు మాట్లాడినవాళ్ళు బాగా చెప్పారు. నేను 1979 గురించి చెబుతాను. తాగుడు, మత్తుమందుల గొడవల్లో ఆ ఏడాది ఆయన్ని బ్యాండ్ నుంచి తీసేశారు. ఆ చోటికి రానీ జేమ్స్ డియో వచ్చాడు. 1980లో 'హెవెన్ అండ్ హెల్' ఆల్బమ్ వచ్చింది. ఆజీ చాలా పాటల్లో గిటార్ రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వాయించే చిన్న వరస, ఎటు పోతే అటే పాడేవాడు. డియో రిఫ్‌ను కింద వదిలి పైన తన వరస వేరుగా నడిపేవాడు. దాంతో గిటారిస్టు టోనీ అయోమి పాట కట్టే పద్ధతే మారిపోయింది. ఆ బ్యాండ్‌లో మొదటి నుంచి చివరిదాకా ఉన్నది అయోమి ఒక్కడే. ఆజీని ప్రేమించే మనం డియోను కూడా ప్రేమించాం. ఇక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు కదా?

మరి ఐరన్ మెయిడెన్ బ్యాండ్‌లో అలాగే మధ్యలో పాడటానికి వచ్చిన బ్లేజ్ బేలీ ఏం పాపం చేశాడు?

కాగితం మీద జ్యూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ గురించి కూడా రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. నాకిచ్చిన టైమంతా ఈ మనిషికే ఇస్తాను. అధ్యక్షులవారు మన్నించాలి.

ఐరన్ మెయిడెన్ నుంచి గాయకుడు బ్రూస్ డికిన్‌సన్ 1993లో వెళ్ళిపోయాడు. 1994లో బ్లేజ్‌ను తీసుకున్నారు. అతనిది కింది స్థాయి గొంతు, బరువైన గొంతు. స్టేజీ ఎక్కాక మాత్రం బ్రూస్ తారస్థాయిలో పాడిన పాటలన్నీ అదే శ్రుతిలో రాత్రి వెంట రాత్రి పాడాలి. ఎవరి గొంతైనా ఏమవుతుంది? కొన్ని కచేరీలు గొంతు బాగాలేక రద్దయ్యాయి. అది కూడా అతని తప్పే అన్నారు.

1995లో బ్లేజ్ పాడిన 'ది ఎక్స్ ఫ్యాక్టర్' ఆల్బమ్ వచ్చింది. అప్పట్లో గాంధీ రోడ్డు దగ్గర ఒక రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి దాన్ని ఎక్కించుకున్నాను. మా రూములో మెయిడెన్ అంటే ప్రాణం అని చెప్పుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. ఒక్కరు కూడా మొదటి వైపు పూర్తిగా వినలేదు. ఒకడు "ఇది మెయిడెన్ కాదురా" అని, నన్ను అడక్కుండా, ఆ క్యాసెట్ మీదే సినిమా పాటలు ఎక్కించేశాడు. ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం పోలేదు. డబ్బు కోసం కాదు. ఒక మనిషి ప్రాణం పెట్టి పాడిన పాటను చివరిదాకా వినకుండానే చెరిపేశాడు, అందుకు.

2007 మార్చిలో మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో పోయాం. క్యూలో నిలబడి బ్లేజ్ పేరెత్తితే పక్కనున్నవాళ్ళు నవ్వారు. అక్కడ కూడా అంతే!

నవ్వినవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేయాలి. బ్రూస్ కూడా మధ్యలో వచ్చినవాడే. మొదటి రెండు ఆల్బమ్‌లు పాడింది పాల్ డియానో. అతను 2024 అక్టోబరులో చనిపోయాడు, అతని కోసం మనం సభ కూడా పెట్టుకోలేదు. డ్రమ్స్ మీద నికో మెక్‌బ్రెయిన్ కూడా క్లైవ్ బర్ బ్యాండ్ వదిలి వెళ్ళాక వచ్చినవాడే. 2023లో పక్షవాతం వచ్చినా నికో కోలుకుని మళ్ళీ స్టేజీ ఎక్కాడు. 2024 డిసెంబరులో టూర్లకు ఇక సెలవన్నాడు. ఇప్పుడు సైమన్ డాసన్ వాయిస్తున్నాడు. "నికో లేని మెయిడెన్ మెయిడెనే కాదు" అనే మాట మళ్ళీ మొదలైంది. పిల్లలూ, మీరైనా ఆ మాట అనకండి. ముందు వినండి.

మెటాలికా బ్యాండ్‌లో ఏం జరిగిందో చూడండి. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి వాళ్ళ బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. తర్వాత ఆ చోటికి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988 నాటి ఆల్బమ్‌లో అతని బేస్ దాదాపు వినపడదు, మిక్సింగ్‌లో అంతగా తగ్గించేశారు. కొత్తవాడిని సొంతవాళ్ళే అలా చూస్తే, వాడికి అభిమాని తప్ప ఇంకెవరున్నారు?

మన జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. వేషగాళ్ళు మారతారు. పాత అర్జునుడే బాగుండేవాడని ముసలివాళ్ళు గొణుగుతారు. అయినా కొత్త అర్జునుడు తపస్సు కోసం పాతిన ఎత్తైన మాను ఎక్కే రోజు ఊరంతా వచ్చి కింద నిలబడుతుంది. ఆ నిలబడటమే నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

కళ్ళు మూసుకుని అన్నీ గొప్పవే అనమని నేను చెప్పడం లేదు. 1998 నాటి 'వర్చువల్ ఎలెవెన్'లో 'ది ఏంజెల్ అండ్ ది గ్యాంబ్లర్' పాట ఉంది. ఒకే పల్లవి తిప్పి తిప్పి పాడించి విసుగు పుట్టిస్తారు. దాన్ని కట్టింది మాత్రం బ్యాండ్‌ను మొదలుపెట్టిన స్టీవ్ హారిస్, బ్లేజ్ కాదు. అదే ఆల్బమ్‌లో 'ది క్లాన్స్‌మన్' లాంటి మంచి పాట కూడా ఉంది కదా!

బ్రూస్ 1999లో తిరిగొచ్చాడు, బ్లేజ్‌ను పంపించేశారు. 2001 జనవరిలో రాక్ ఇన్ రియో వేదిక మీద, పోటెత్తిన జనం ముందు, బ్రూస్ ఏం పాడాడో తెలుసా? 'సైన్ ఆఫ్ ద క్రాస్', 'ది క్లాన్స్‌మన్'. రెండూ బ్లేజ్ కాలం నాటివే. 2018 టూర్‌లో కూడా ఆ రెండూ పాడారు. బ్యాండే వాటిని వదులుకోలేదు. మనకెందుకు అంత పట్టుదల?

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఆపేస్తాను. సౌండ్ దగ్గరున్న తమ్ముడూ, 'సైన్ ఆఫ్ ద క్రాస్' పెట్టమ్మా. రియోలో పాడింది వద్దు, 1995 ఆల్బమ్‌లోది, బ్లేజ్ పాడింది. 11 నిమిషాల పాట. మొదట్లో చాలాసేపు నెమ్మదిగా ఉంటుంది, ఎవరూ లేవకండి. మధ్యలో ఆపకు నాయనా, చివరిదాకా పోనీ.